వానకు గంట ముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ అందింది. భాష బాగుంది. రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతో.

కోపమంతా పదకొండో పేజీ మీద. ఫ్లోరిడా రన్‌వే మీద మెరుపులు, కుండపోత. నీ కమాండర్ చివరి నిమిషంలో, అంతరిక్షం నుంచి తిరిగొస్తున్న స్పేస్ షటిల్‌ని పైకి లేపి, ఒక చుట్టు తిప్పి, ఆ వానలోనే దించేస్తాడు. లేపడానికి ఇంజనేదమ్మా? దిగేటప్పుడు షటిల్ ఒట్టి గ్లైడర్. జారడమే తప్ప లేవడం ఉండదు. దిగాలా వద్దా అన్నది సుమారు గంట ముందే తేల్చేసేవారు, చాలాసార్లు మన హిందూ మహాసముద్రం పైన ఉండగానే. కక్ష్యలో వేగం తగ్గించే ఇంజన్లు మండించాక ఇక మనసు మార్చుకోవడం కుదరదు. రన్‌వేకి 30 నాటికల్ మైళ్ల (సుమారు 55 కిలోమీటర్ల) లోపు వాన ఉండకూడదనేవారు, ఆ వేగంలో చినుకు తగిలితే వేడిని ఆపే పలకలు దెబ్బతింటాయి. పక్కగాలి పగలైతే 15 నాట్లు (గంటకు సుమారు 28 కిలోమీటర్లు) దాటకూడదనేవారు. ఇవన్నీ తేల్చే వేళ సంగతి కాదు, గంట తర్వాత దిగే వేళ సంగతి. అందుకే ఒక వ్యోమగామి శిక్షణ విమానంలో రన్‌వే పరిసరాల్లో తిరుగుతూ, మబ్బులు ఎలా ఉన్నాయో చూసి కిందికి చెప్పేవాడు. నీ కథలో ఆయన లేడు. నాకైతే కథంతా ఆయనదే.

సంక్రాంతి వెళ్లాక మా ఆవిడ చెన్నై మాంబలంలో మా మేడ మీద గుమ్మడి వడియాలు పెడుతుంది. మబ్బు పట్టగానే గుడ్డలు ఎత్తుకుని పరిగెత్తడం అందరికీ కనిపిస్తుంది. అసలు టెన్షన్ ముందురోజు రాత్రి వంటింట్లో. గుమ్మడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి మూటగట్టి బరువు కింద పెట్టిందంటే, మినప్పప్పు నానబోసిందంటే, తెల్లారి పెట్టాల్సిందే. అందుకని పప్పు డబ్బా చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడుతుంది. బయట చుక్కలు కనబడుతూనే ఉంటాయి. "ఎందుకో వద్దులెండి" అని మూత పెట్టేస్తుంది. మర్నాడు ఫెళ్లున ఎండ కాస్తుంది. నేను ఎగతాళి చేస్తాను. తను మాట్లాడదు.

ఇలాంటిది రాసే నేనూ దెబ్బతిన్నాను. తెలుగు పత్రికలు మద్రాసులో అచ్చయ్యే రోజుల్లో ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. నా కథలో ఒక జాలరి గాలి వాసన చూసి పడవ దించకుండా ఒడ్డునే కూర్చుంటాడు. తుఫాను రాదు. ఇంట్లో పొయ్యి వెలగదు. ఎడిటరుగారు "తుఫాను రాని తుఫాను కథేమిటయ్యా" అని, చివర్లో పడవను ముంచేసి నా పేరుతోనే అచ్చేశారు. పాతిక రూపాయలు మనియార్డరు. ఆ మునిగిన పడవను మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతున్నారు, అదీ నా మంట. ఇప్పటి ఆడియో కథలవాళ్లు మొదటి అర నిమిషంలోనే ఏదో ఒకటి పేలాలంటున్నారట. ఆ ఎడిటరుగారి మనవలే అయ్యుంటారు.

1982 మార్చి చూడు. కొలంబియా అనే షటిల్ మూడో ప్రయాణం. కాలిఫోర్నియాలో దిగాల్సిన ఎండు సరస్సు వానలకు తడిసిపోయిందని న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్‌కి మార్చారు. తీరా అక్కడ దుమ్ముగాలి. ఇంకో రోజు పైనే ఉండమన్నారు. పైన ఇద్దరే, లౌస్మా, ఫులర్టన్. ఇంటికి బయల్దేరే వేళకి రైలు రేపటికి వాయిదా అంటే ఎలా ఉంటుందో, ఆ రోజు రాయి. మర్నాడు దిగాక తెల్లటి జిప్సం పొడి షటిల్ సందుల్లోకంతా దూరింది. ఇంత సరుకు ఉండగా నీకు మెరుపులెందుకు?

దగ్గర్లోదే కావాలంటే శ్రీహరికోట ఉంది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్ష ఉదయం 8కి అన్నారు, వాతావరణం బాగాలేదని కాసేపు జరిపారు, తీరా 5 సెకన్లుందనగా కంప్యూటరే ఆపేసింది. 10కి ఎగిరింది. క్యాప్సూల్ పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగింది. నా కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

పదకొండో పేజీ చింపెయ్. విమానంలో మబ్బులు చూసే మనిషిని తీసుకురా. "వద్దు" అని చెప్పించు. ఆ తర్వాత వాన రాకపోతే అతని ముఖం ఎలా ఉందో నాకు చూపించు.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత.

ఆదివారం వస్తానన్నావుగా. శనివారం రాత్రి పప్పు నానబోస్తే ఫోన్ చేస్తాను, పొద్దున్నే వచ్చి కాకుల్ని తోలుదువుగాని. నానబోయకపోతే సాయంత్రం రా.

— మీ మాస్టారు