పాత అంబాసిడర్‌లో మిస్సింగ్: బోరు చేయించే ముందు ఎగ్జాస్ట్ వాల్వు చూడండి

మీ 1978 అంబాసిడర్ ఐడిల్‌లో తడబడుతోందనీ, ప్లగ్గులు, కండెన్సర్ మార్చినా మారలేదనీ, మేస్త్రి బోరు చేయించమంటున్నాడనీ (అంటే అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిపించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించమని) రాశారు. కాస్త ఆగండి.

మాది కొరాపుట్ జిల్లా జయపురం. నా బండిదీ అదే 1489 సీసీ ఇంజను. సాలూరు నుంచి సుంకి ఘాటీ రెండో గేరులో ఎక్కుతుంటే ఊపు తగ్గింది. అంతకు కొన్నాళ్ల ముందే ట్యాపెట్ల (వాల్వులను తెరిచే మీటల) టకటక తగ్గితే ఇంజను బాగుపడిందని మురిసిపోయాను. అసలు రోగం అదే!

ఈ ఇంజన్లో వాల్వు సీటు, అంటే మూసుకున్నప్పుడు వాల్వు ఆనే అంచు, హెడ్డు (ఇంజను పైభాగం) ఇనుములోనే చెక్కి ఉంటుంది. పెట్రోల్‌లోని సీసం దానికి పొరలా కాపుకాసేది. 2000లో మన దేశంలో సీసం పెట్రోల్ ఆగింది. ఆ పొర లేక, ఎక్కువ లోడుతో నడిస్తే ఎగ్జాస్ట్ వాల్వు (కాలిన గ్యాసును బయటికి వదిలేది) మెల్లగా సీటులోకి దిగుతుంది, ట్యాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది. వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనినప్పుడే వదిలించుకుంటుంది. ఆనకపోతే అంచు కాలుతుంది.

ముందు సైలెన్సర్ మూతి దగ్గర కాగితం ముక్క పట్టుకోండి. మధ్యమధ్యలో లోపలికి పీల్చుకుంటే వాల్వు మీద అనుమానం. తర్వాత ట్యాపెట్ గ్యాప్ చూడండి, 15 థౌ (అంగుళంలో వెయ్యింట 15 వంతులు) ఉండాలి. తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి, రెండు వాల్వుల నంబర్లు కలిపితే తొమ్మిది రావాలి: నాలుగో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఐదోది సరిచేయాలి. ఎగ్జాస్ట్‌లు 1, 4, 5, 8. నా ఐదో వాల్వులో (మూడో సిలిండర్ ఎగ్జాస్ట్) 5 థౌ గేజి కూడా దూరలేదు.

గ్యాప్ సరిచేశాక, ఇంజను వేడి మీద ప్లగ్గులన్నీ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ కొలవండి. నాకు మూడో సిలిండర్లో 60, మిగతా మూడింటిలో 120 పీఎస్ఐ దాకా వచ్చింది. ఆ సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసినా పెరగలేదు. పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, మీ మేస్త్రి మాటే నిజం. పక్కపక్క సిలిండర్లు రెండూ తగ్గితే హెడ్డు గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు.

నేను పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి, టైరు ట్యూబు వాల్వు అతికించి, దాన్ని మూడో సిలిండర్‌కు బిగించి, పంక్చర్ షాపులో గాలి పట్టించాను. పిస్టన్ కంప్రెషన్ పైకొసన ఉండాలి, బండి గేరులో ఉండాలి, ఇంజను తిప్పే హ్యాండిల్ తీసి బయట పెట్టాలి. గాలి పిస్టన్‌ని తోస్తే చేతులు విరుగుతాయి. సైలెన్సర్‌లో బుస్సుమంది, అంటే ఎగ్జాస్ట్ వాల్వే. కార్బురేటర్‌లో అయితే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు.

హెడ్డు విప్పితే వాల్వు అంచు ఎలుక కొరికినట్టుంది. కొత్త వాల్వుతో పాటు గట్టి సీటు వేయించాను. ఒట్టి లాపింగ్‌తో (వాల్వును సీటు మీద పేస్టుతో అరగదీసి కుదర్చడం) సరిపెడతానంటే ఒప్పుకోకండి. మధ్య ఎగ్జాస్ట్ పోర్టు 2, 3 సిలిండర్లకు ఉమ్మడి, వేడంతా అక్కడే. హెడ్డు ఎలాగూ దిగుతుంది, నాలుగో వాల్వుకూ (రెండో సిలిండర్ ఎగ్జాస్ట్) సీటు వేయించేయండి.