పొట్టేళ్ల ఫీడర్ కోసం అమ్మాయి డిపాజిట్ తీయాలా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా జైనథ్ మండలం, పెన్‌గంగ ఒడ్డు ఊరు. 70 గొర్రెలున్నాయి. ఈ ఏడు అమ్మకానికి 40 పొట్టేలు పిల్లలున్నాయి. పత్తి చేన్లలో మేత ఫిబ్రవరికల్లా అయిపోతుంది. అప్పటి నుంచి దాణా పెట్టి బక్రీద్‌కు అమ్మాలని ఉంది. నది అవతల పాండర్‌కవడా వైపు ఒక డీలర్, గొర్రె ఒక్కసారే మింగకుండా గింజను కొద్దికొద్దిగా నాకి తినేలా చేసే ఫీడర్లు చూపించాడు. ఒక్కోటి రూ.68,000, నాకు రెండు కావాలన్నాడు. పిల్లకు 5 కిలోల బరువు పెరుగుతుందని, కిలో రూ.400 చొప్పున 40 పిల్లలకు రూ.80,000 వస్తుందని, రెండు సీజన్లలో పెట్టుబడి తిరిగి వస్తుందని లెక్క రాసిచ్చాడు. నిరుడు రెండు పిల్లలు మొక్కజొన్న కుప్ప మీద పడి తిని, కడుపుబ్బి చనిపోయాయి. అందుకే దీని మీద మనసు పడింది. అమ్మాయి పై చదువు కోసం వేసిన రూ.2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అందులోంచి తీయమంటారా?

సమాధానం: డిపాజిట్ ముట్టుకోకండి. ఈ ఏడాది ఫీడర్ కూడా కొనకండి. దాణా మాత్రం తప్పకుండా పెట్టండి. ఈ మూడింటినీ విడివిడిగా చూడాలి. డీలర్ కాగితం వాటిని ఒకటిగా కలిపేసింది, మీకు వచ్చిన చిక్కంతా అక్కడే.

ముందుగా ఒక మాట. ఆ ఫీడర్ మంచి వస్తువే. ఆస్ట్రేలియాలో పెద్ద మందలున్న రైతులు ఇలాంటివి చాలాకాలంగా వాడుతున్నారు. అందులో గింజ ఒక సన్నటి సందులోంచే అందుతుంది. గొర్రె నాలుకతో నాకితేనే నాలుగు గింజలు వస్తాయి. నాలుక తడి ఆరిపోగానే అంతగా అందదు, విసిగి పక్కకు పోయి గడ్డి మేస్తుంది, నెమరు వేస్తుంది, మళ్లీ వస్తుంది. సందు వెడల్పు మార్చి రోజుకు ఎంత తినాలో మనమే అదుపు చేయవచ్చు. గింజ ఒక్కసారే కడుపులో పడితే పిండి పదార్థం గబగబా పులిసి ఆమ్లం పెరుగుతుంది, గొర్రె మేత మానేస్తుంది, ముదిరితే చచ్చిపోతుంది. మీ రెండు పిల్లలకు జరిగింది చాలావరకు ఇదే అయి ఉంటుంది. అదే గింజ రోజంతా చిన్న చిన్న మోతాదుల్లో అందితే కడుపు కుదురుగా ఉంటుంది, గడ్డి కూడా బాగా అరుగుతుంది. బలమైన పొట్టేలు మొత్తం తినేసి బక్కపిల్లకు మిగల్చని బాధ కూడా తగ్గుతుంది.

ఇక డీలర్ లెక్క. ఆ రూ.80,000లో రెండు తప్పులున్నాయి. మొదటిది, దాణా ఖర్చు అందులో తీయలేదు. రెండోది ఇంకా పెద్దది. బరువు పెంచేది దాణా. అదే దాణాను మీరు తొట్టిలో కొలిచి పెట్టినా ఆ బరువులో ఎక్కువ భాగం వస్తుంది. కాబట్టి ఫీడర్ లాభం లెక్కకట్టాలంటే, దాణా లేని మందతో పోల్చకూడదు. చేత్తో కొలిచి దాణా పెట్టిన మందతోనే పోల్చాలి.

మొదట దాణా లెక్క చూద్దాం. పిల్లకు రోజుకు 250 గ్రాములు, 100 రోజులు అంటే 25 కిలోలు. మొక్కజొన్న, నూనెగింజల చెక్క, తవుడు, ఖనిజ లవణాలు కలిపి కిలో రూ.30 పడుతుందనుకుందాం. 2025-26కు మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు రూ.2,400 కాబట్టి ఆ అంచనా మరీ దూరంగా ఉండదు. పిల్లకు రూ.750, నలభైకి రూ.30,000. కిలో రూ.400కు అమ్మితే, ఒక్కో పిల్ల దాణా లేనప్పటికన్నా 1.9 కిలోలు ఎక్కువ పెరిగితేనే దాణా డబ్బులు తిరిగొస్తాయి. 4 కిలోలు ఎక్కువ పెరిగితే మందకు రూ.64,000 వచ్చి, ఖర్చు పోను రూ.34,000 మిగులుతుంది. రెండున్నర కిలోలే పెరిగితే మిగిలేది రూ.10,000. డీలర్ చెప్పిన 5 కిలోల మీద కళ్లు మూసుకుని లెక్క వేయకండి. మీ పిల్లల జాతి, వయసు, కడుపులో పురుగులు, మే నెల ఎండలు, అన్నీ దాన్ని కిందికి లాగేవే.

ఇప్పుడు ఫీడర్ విడిగా ఏం తెస్తుందో చూద్దాం. రోజుకు రెండుసార్లు తొట్టిలో పెట్టడానికి, శుభ్రం చేయడానికి గంట పడుతుందనుకోండి. వంద గంటలు అంటే పన్నెండున్నర రోజుల కూలి. రోజుకు రూ.500 చొప్పున రూ.6,250. తొట్టి నుంచి కింద పడి వృథా అయ్యే దాణా ఇరవయ్యో వంతు అనుకున్నా రూ.1,500. రెండూ కలిపితే రూ.7,750. ఒక పిల్ల చావు తప్పిన ఏడాది దాని విలువ రూ.9,000 కలపండి, రూ.16,750 అవుతుంది.

ఖర్చు వైపు, రెండు ఫీడర్లకు రూ.1,36,000. పదేళ్లు పని చేస్తాయనుకుంటే ఏడాదికి అరుగుదల రూ.13,600. అదే డబ్బు 7 శాతం వడ్డీకి ఉంటే వచ్చే రూ.9,520 మీరు వదులుకుంటారు. మొత్తం రూ.23,120. మంచి ఏడాదిలో కూడా లెక్క కుదరదు. ఒక్కటే కొంటే ఏడాదికి రూ.11,560. పిల్ల ప్రాణం దక్కిన ఏడాది గిట్టుబాటు, దక్కాల్సిన అవసరమే రాని ఏడాది నష్టం.

మరొక సంగతి డీలర్‌ను తప్పక అడగండి. ఒక ఫీడర్ ఇన్ని గొర్రెలకు సరిపోతుందని ఆయన చెప్పిన సంఖ్య, కంచె వేసిన బీడులో రాత్రింబవళ్లు దాని చుట్టూ తిరిగే మందకా, పగలంతా కాపరితో మేతకు పోయి రాత్రి దొడ్డికి వచ్చే మందకా? మీ జీవాలకు ఫీడర్ దగ్గర ఉండేది రాత్రి మాత్రమే. దాని అసలు బలం రోజంతా కొద్దికొద్దిగా తినిపించడం. అందులో సగం మీ పద్ధతిలో అందదు. కాపరి ఎలాగూ ఉన్నాడు కాబట్టి కూలి మిగులు కూడా ఆస్ట్రేలియా రైతుకు ఉన్నంత ఉండదు. దాణా పిండిగా ఉంటే జూన్ దాటాక వాన తేమకు గడ్డకట్టి సందు మూసుకుపోతుంది. గింజ లేదా గుళికల దాణానే దానికి సరిపోతుంది.

మరి రెండు పిల్లలను పోగొట్టుకున్న భయం? అది న్యాయమైన భయం, దానికి విరుగుడు తక్కువ ఖర్చులోనే ఉంది. ఎనిమిది అంగుళాల పివిసి పైపు నిలువుగా చీల్చి రెండు తొట్లు చేయించండి. పిల్లకు పాతిక సెంటీమీటర్ల చోటు, రెండు వైపులా నిలబడేట్టు చూస్తే నలభై పిల్లలకు మొత్తం ఐదు మీటర్ల తొట్టి చాలు. అందరికీ ఒకేసారి చోటు ఉండాలి, ఇది ముఖ్యం. మొదటి రోజు పిల్లకు 50 గ్రాములు. రెండు మూడు రోజులకు ఒకసారి మరో 50 పెంచుతూ, 250 గ్రాములకు చేరడానికి పది పన్నెండు రోజులు తీసుకోండి. ఉదయం సగం, సాయంత్రం సగం. దాణాకు ముందు జొన్న చొప్పో, ఎండుగడ్డో కడుపులో పడాలి. ఫీడర్ కొన్నా ఈ అలవాటు చేసే రోజులు తప్పవు. మొక్కజొన్న కుప్పకు తలుపు, తాళం ఉండాలి.

గొర్రె గింజను బాగా నమిలి నెమరు వేస్తుంది, కాబట్టి మొక్కజొన్నను మెత్తగా పిండి పట్టించనక్కర్లేదు, పగలగొడితే చాలు. మర ఖర్చు మిగులుతుంది, పులుపు కూడా నెమ్మదిగా చేరుతుంది. గింజలో సున్నం తక్కువ, భాస్వరం ఎక్కువ. అందుకే సున్నపురాయి పొడి ఒక శాతం, ఉప్పు కొద్దిగా కలపండి, లేకపోతే పొట్టేలు పిల్లలకు మూత్రంలో రాళ్లు ఏర్పడి మూత్రం బిగుసుకుపోతుంది. తొట్టి పక్కన నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఆవులు, గేదెల కోసం చేసిన ఖనిజ మిశ్రమం గొర్రెలకు పెట్టకండి. అందులో రాగి ఎక్కువ, గొర్రెలు దాన్ని తట్టుకోలేవు. బూజు పట్టిన మొక్కజొన్న సగం ధరకు వచ్చినా కొనకండి.

దాణా పెట్టే ముందు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించి, చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే రోగం) టీకా వేయించండి. ఎక్కువ గింజ తిన్న బలిష్ఠమైన పిల్లనే ఆ రోగం ముందు పట్టుకుంటుంది. టీకా లేకుండా రూ.30,000 దాణా పోయడం తెగించి ఆడినట్టే.

దాణా డబ్బు ఎక్కడి నుంచి? కిసాన్ క్రెడిట్ కార్డు పశుపోషణకూ ఇస్తారు. దాణా, మందులు, కూలి వంటి నడుస్తున్న ఖర్చులకు అది ఉద్దేశించినది. రూ.2 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోగా కట్టేస్తే 3 శాతం తిరిగి వస్తుంది కాబట్టి చివరికి పడేది 4 శాతం. రూ.30,000 నాలుగు నెలలు వాడితే వడ్డీ రూ.400. అదే మొత్తాన్ని ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నాలుగు నెలలకు రూ.2,400. అంతకన్నా చెడ్డది పొట్టేళ్ల వ్యాపారి ఇచ్చే అడ్వాన్సు. వడ్డీ కనిపించదు, ధర మాత్రం అతను చెప్పిందే. మీ గ్రామీణ బ్యాంకుకు, మండల పశువైద్యాధికారికి జనవరిలోనే వెళ్లండి. కార్డు చేతికి రావడానికి సమయం పడుతుంది. అదే వైద్యాధికారిని బీమా గురించి కూడా అడగండి. జాతీయ పశుసంపద మిషన్ కింద ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే, ఒక కుటుంబానికి 100 గొర్రెలు, మేకల దాకా వర్తిస్తుంది. చెవి ట్యాగులు వేసి ఉండాలి.

డిపాజిట్ సంగతి. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది. దానికన్నా పెద్ద కారణం, ఫీజు కట్టే తేదీకి గొర్రెల ధర ఎలా ఉంటుందో మన చేతుల్లో లేదు. ఒక రోగం వచ్చినా, బక్రీద్ ముందు ధర పడినా, అమ్మాయి కాలేజీ ఆగకూడదు. గొర్రెల నష్టం గొర్రెలతోనే తీరాలి. ఆ హద్దు మీరే గీసుకోండి.

కొనాలా వద్దా అని వచ్చే ఏడు తేల్చడానికి మీ సొంత అంకెలు కావాలి. నలభైలో పది పిల్లలకు రంగు మార్కు పెట్టి, దాణా వేళ పక్కన ఉంచండి. మిగతా ముప్పైకి దాణా. మొదటి రోజు, ముప్పయ్యో రోజు, తెల్లవారుజామున మేతకు, నీళ్లకు ముందే అందరినీ తూకం వేయండి. ఒక వేలాడే తూకం చాలు. దాణా తిన్నవి మిగతావాటికన్నా సగటున 600 గ్రాములకు మించి ఎక్కువ పెరిగితే దాణా ఖర్చు వచ్చినట్టే, అప్పుడు ఆ పదింటికీ దాణా మొదలుపెట్టండి. తేడా అంతకన్నా తక్కువైతే దాణా ఆపి, కారణం ఏమిటో వైద్యాధికారికి చూపించండి. చాలాసార్లు పురుగులే ఉంటాయి.

మీరు మందను 150కి పెంచి, కాపరి దొరకని పరిస్థితి వస్తే, లేదా ఏదో ఒక చేను చుట్టూ కంచె వేసి రాత్రింబవళ్లు అందులోనే ఉంచే పని పెట్టుకుంటే, అప్పుడు ఫీడర్ మాట వేరు. అప్పుడు కూడా ఒక్కటి కొని ఒక సీజన్ చూడండి, రెండోది దాని ఫలితాన్ని బట్టి. కొనేటప్పుడు సందు మార్చే మరలు ఎండలో, తుప్పులో కూడా తిరుగుతాయా, విడిభాగాలు ఆదిలాబాద్‌లో దొరుకుతాయా అని చూసుకోండి. చూసి ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించుకుందామనిపిస్తే జాగ్రత్త. సందు కొద్దిగా ఎక్కువైనా పిల్లలు నాకకుండా మింగేస్తాయి, నిరుటి పరిస్థితే మళ్లీ వస్తుంది.

ముప్పయ్యో రోజు తూకం అయ్యాక ఆ రెండు వరుసల అంకెలు, పెట్టిన దాణా కిలోలు, కొన్న ధర ఒక కాగితం మీద రాసి పంపండి. ఒక ఫీడర్‌కు మీ మంద గిట్టుబాటు ఇస్తుందో లేదో దాని మీదే లెక్క వేసి చెబుతాను.