కంపాలా ప్రయాణానికి ఎల్లో ఫీవర్ కార్డు: ముగ్గురికీ కావాలా, ఎప్పుడు వేయించుకోవాలి?

మీవారు ఉగాండా రాజధాని కంపాలాలో ఉన్నారని, మీరు, మూడేళ్ల బాబు, అరవై రెండేళ్ల అత్తగారు వచ్చే నెల వెళ్తున్నారని, టీకా ముగ్గురికీ తప్పనిసరా, ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టులో వేయించుకుంటే సరిపోతుందా అని అడిగారు. మేము కొన్నేళ్లు కంపాలాలోనే ఉన్నాం కాబట్టి తెలిసింది చెప్తాను.

ముందు టికెట్ సంగతి పక్కన పెట్టి టీకా సంగతి చూడండి. వేయించుకున్న పది రోజులకు గానీ ఆ సర్టిఫికెట్, అదే కార్డు, చెల్లదు. ప్రయాణం రోజు సూది వేయించుకుంటే కార్డు చేతిలో ఉన్నా లేనట్టే. పైగా ఉగాండా ఈ-వీసాకి అప్లై చేసేటప్పుడే ఈ కార్డు స్కాన్ చేసి పెట్టమంటారు. అంటే టీకా లేకుండా వీసా పని కూడా ముందుకు సాగదు. ఏడాది దాటిన ప్రతి ఒక్కరికీ అక్కడ ఇది తప్పనిసరి, కాబట్టి మీ బాబుకీ కావాలి. ఎంటెబ్బే ఎయిర్‌పోర్టులో దిగగానే, ఇమిగ్రేషన్ కంటే ముందు, హెల్త్ సిబ్బంది ఈ పసుపు రంగు కార్డు చూపించమని అడగడం మాకు ప్రతిసారీ అలవాటే.

తిరిగి వచ్చేటప్పుడు మన దేశం ఇంకా గట్టిగా ఉంటుంది, దానికి కారణముంది. మన ఊళ్లలో డెంగీ తెచ్చే ఏడిస్ దోమే ఈ జబ్బునూ మోస్తుంది. మన దగ్గర ఎల్లో ఫీవర్ లేదు గానీ దోమకు కొదవ లేదు. ఒక్కసారి లోపలికి వస్తే ఆపడం కష్టం. అందుకే ఉగాండాలాంటి ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు మన గడ్డ మీద దిగేవారి దగ్గర చెల్లే కార్డు లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం హెల్త్ ఆఫీసర్లకు ఉంది. పసిబిడ్డతో ఆ తిప్పలు ఎవరికీ వద్దు.

హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. చెన్నై దగ్గరైతే గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తింపు ఉన్న చోట వేయించుకుంటేనే కార్డు చెల్లుతుంది, మీ వీధి చివరి క్లినిక్‌లో కుదరదు. ముందే ఫోన్ చేసి ఏ రోజు వేస్తారో కనుక్కుని వెళ్లండి. ఒక్కో సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది, తెరిస్తే కొన్ని గంటల్లో వాడేయాలి, అందుకే కొన్ని రోజుల్లోనే పిలుస్తారు. అందరి పాస్‌పోర్టులూ అసలువే తీసుకెళ్లండి.

కార్డు చేతికి వచ్చాక అక్కడే నిలబడి అక్షరం అక్షరం సరిచూసుకోండి. మన ఇంటిపేర్లతో చాలా చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే కార్డులో ఒక్క పొడి అక్షరం రాస్తారు, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయించండి. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబర్, టీకా బ్యాచ్ నంబర్, సంతకం, ముద్ర, అన్నీ ఉండాలి. 2016 జూలై 11 నుంచి ఈ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డుల మీద పదేళ్లని రాసి ఉన్నా మళ్లీ వేయించుకోనక్కర్లేదు. పాస్‌పోర్టు మారితే పాతది కూడా వెంట ఉంచుకుంటే నంబర్ గురించి అడిగినప్పుడు చూపించవచ్చు.

బాబుకి ఈ మధ్య ఎం.ఎం.ఆర్., చికెన్‌పాక్స్ లాంటి టీకాలు వేశారా? ఎల్లో ఫీవర్ టీకాలాగే ఇవన్నీ బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసినవే, మధ్యలో నాలుగు వారాల ఎడం పెట్టమంటారు. వాడి టీకాల పుస్తకం పిల్లల డాక్టర్‌కి ముందు చూపించండి. గుడ్డు అంటే తీవ్రమైన అలర్జీ ఉంటే ఆ మాట తప్పక చెప్పండి.

మీ అత్తగారి విషయంలోనే నాకు నిజంగా ఆలోచనగా ఉంది. అరవై దాటాక మొదటిసారి ఈ టీకా వేస్తే తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం చిన్నవాళ్ల కంటే ఎక్కువ. చాలామంది వేయించుకుని బాగానే ఉంటారు, కానీ ఆవిడ స్టెరాయిడ్లు గానీ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు గానీ వాడుతున్నారా, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథికి ఏమైనా అయిందా అన్నది డాక్టరే చూసి తేల్చాలి. వద్దంటే మినహాయింపు ఉత్తరం ఇస్తారు. అయితే అది చూసి వదలాలా లేదా అన్నది దిగిన చోట అధికారుల చేతిలో ఉంటుంది, ఉగాండా హైకమిషన్‌ని (రాయబార కార్యాలయం లాంటిదే) ముందే అడగండి. పైగా టీకా లేకుండా వెళ్తే జబ్బు భయం కూడా ఆవిడకే. దీనికి ప్రత్యేకమైన మందు లేదు, తీవ్ర దశకు చేరినవారిలో దాదాపు సగం మంది బతకరు. ఆవిడ వెళ్లడం ఇప్పుడే అవసరమా అని ఇంట్లో ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి.

డబ్బు తీసుకుని సూది లేకుండా కార్డు ఇప్పిస్తామనే ఏజెంట్లు తగులుతారు. దయచేసి ఆ మాట వినకండి. మీకు కార్డు ఒక్కటే వస్తుంది, బాబుకి రక్షణ రాదు.

అత్తగారిని చూసి డాక్టర్ ఏమన్నారో ఇక్కడ రాయండి. దాన్ని బట్టి వీసా పని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.