గోల్ఫ్ బ్యాగు సర్దుకునే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

హైదరాబాద్‌కో విశాఖకో వెళ్ళినప్పుడు అద్దె క్లబ్‌లతో గోల్ఫ్ ఆడి, ఇక సొంతానికి కొనుక్కుందామనుకుంటున్న పాఠకుల నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కొలతలన్నీ కుడిచేతి వాటం వారికి రాశాం. ఎడమచేతి వాటం వారు కుడిని ఎడమగా మార్చి చదువుకోండి.

ప్రశ్న: ఆఫీసు మిత్రులతో నాలుగైదుసార్లు ఆడాను. ఇప్పుడు ఒకాయన 14 క్లబ్‌ల పాత సెట్టు, బ్యాగుతో సహా ఇస్తానంటున్నారు. షాఫ్టులన్నీ స్టిఫ్. తీసుకోవచ్చా?
— పటమట, విజయవాడ

స్టిఫ్, అంటే తక్కువగా వంగేవి అన్నారు కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం. షాఫ్టు, అంటే క్లబ్ కర్ర, ఎంత వంగాలన్నది మీ స్వింగ్ వేగాన్ని బట్టి ఉంటుంది. అన్నిటికంటే పొడవైన క్లబ్ డ్రైవర్. దానితో కొట్టిన బంతి గాలిలో 180 గజాల లోపే ప్రయాణిస్తుంటే సీనియర్ ఫ్లెక్స్ (బాగా వంగేది), 180 నుంచి 240 మధ్య అయితే రెగ్యులర్, అది దాటితేనే స్టిఫ్. ఇవి ఉజ్జాయింపు లెక్కలే అయినా కొత్తవారిని పెద్ద పొరపాటు నుంచి కాపాడతాయి. వేగం చాలని చేతిలో స్టిఫ్ షాఫ్టు పెడితే బంతి తక్కువ ఎత్తులో లేచి, కుడివైపుకి పోతుంది. ఆడేవారు తప్పు తమ స్వింగ్‌లో ఉందనుకుని ఇంకా గట్టిగా కొడతారు, దాంతో ఉన్న లయ కూడా చెడుతుంది. 'సీనియర్' అన్న మాట వయసుకి సంబంధించింది కాదు, నామోషీ పడకండి. నాలుగైదు రౌండ్ల అనుభవంతో 240 గజాలు దాటించేవారు అరుదు కాబట్టి, ఎంత చవకగా వచ్చినా ఈ సెట్టు వద్దనే మా సలహా.

ఇక 14 సంగతి. నియమాల ప్రకారం అది గరిష్ఠ సంఖ్య, అన్నీ ఉండి తీరాలని ఎక్కడా లేదు. మొదటి ఏడాదికి ఏడు చాలు: 18 డిగ్రీల లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) ఉన్న 5-వుడ్, 25 డిగ్రీల దగ్గరుండే హైబ్రిడ్, 7, 9 ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, 54 లేదా 56 డిగ్రీల శాండ్ వెడ్జ్, పట్టర్. ఐరన్లలో ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే ఒక్కోదానికీ 20, 25 గజాల తేడా వస్తుంది. మొదట్లో అంతకంటే సన్నని తేడా మన చేతికి అందదు.

డ్రైవర్ లేకుండా ఎలా అంటారేమో. దాని షాఫ్టు 45 అంగుళాల పైమాటే, లాఫ్ట్ 10 డిగ్రీల అటూ ఇటూ. షాఫ్టు పొడవయ్యేకొద్దీ బంతిని ముఖం నడిమధ్య పట్టుకోవడం కష్టమవుతుంది. లాఫ్ట్ తగ్గేకొద్దీ పక్కకి తిరిగే గుణం పెరుగుతుంది. స్లైస్ (బంతి కుడికి వంకర తిరగడం) ఎక్కువగా పుట్టేది ఈ రెండూ కలిసినచోటే. 5-వుడ్‌తో 150 గజాలు తిన్నగా వెళ్ళిన బంతి, డ్రైవర్‌తో 200 గజాలు వెళ్ళి పొదల్లో పడిన బంతి కంటే ఎంతో మెరుగు. ఆరు నెలలాగి కొంటే 10.5 కంటే తక్కువ లాఫ్ట్ ఉన్నది మాత్రం ముట్టుకోకండి.

పాత క్లబ్‌లు కొనడంలో తప్పు లేదు, అయితే చేత్తో పట్టుకుని చూడకుండా డబ్బివ్వకండి. తల ఒక చేత్తో, గ్రిప్ ఒక చేత్తో పట్టి మెల్లిగా మెలిపెట్టండి. తల, షాఫ్టు కలిసేచోట ఏమాత్రం కదిలినా జిగురు వదిలిందని అర్థం. డ్రైవర్‌ని చెవి దగ్గర ఊపితే గలగలమంటే లోపల జిగురు ముక్క ఊడింది. ప్రమాదం కాదుగానీ చిరాకు, బేరానికి మాత్రం పనికొస్తుంది. వెడ్జ్ ముఖం మీది గాడుల అంచుల మీద గోరు గీయండి, అడ్డుపడకుండా జారిపోతే అరిగిపోయినట్టే. గ్రాఫైట్ షాఫ్టుని వెలుతురులో తిప్పుతూ చూడండి. పెయింటు గీతలు ఫర్వాలేదు, చుట్టూ వెంట్రుకవాసి పగులు కనిపిస్తే మాత్రం వదిలేయండి. స్వింగ్ మధ్యలో విరిగితే పక్కవారికి తగులుతుంది.

కొనేముందు మరో పరీక్ష. బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో లావుగా ఒక గీత గీసి, ఆ గీత క్లబ్ వైపు తిరిగి నిలువుగా ఉండేట్టు పెట్టి, 7 ఐరన్‌తో మామూలుగా కొట్టండి. ముఖం మీద గీత అచ్చు పడుతుంది. అది నిటారుగా ఉంటే క్లబ్ మీకు సరిపోయింది. అచ్చు పైభాగం క్లబ్ కొన (షాఫ్టుకి దూరంగా ఉండే చివర) వైపు వాలితే మడమ (షాఫ్టు కలిసే వైపు) నేలకి ఆని కొన లేస్తోందన్నమాట, బంతి ఎడమకి పోతుంది. మడమ వైపు వాలితే దానికి వ్యతిరేకం. ఐదు బంతులకు ఐదూ ఒకేలా వాలితే, క్లబ్ కోణం వంచి సరిచేయించాలి. చాలా ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన) ఐరన్లు ఒకటి రెండు డిగ్రీలు వంగుతాయి, కాస్టింగ్ (పోత పోసిన) వాటిలో కొన్ని వంగవు.

ప్రశ్న: మావారి క్లబ్‌లనే అంగుళం కోయించి వాడుకోమంటున్నారు. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. సరిపోతుందా?
— బ్రాడీపేట, గుంటూరు

కోయించకండమ్మా. షాఫ్టు పొట్టిదయ్యేకొద్దీ బిగుసుకుంటుంది, తల బరువు చేతికి తెలియకుండా పోతుంది. మీకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: తేలికైన, బాగా వంగే షాఫ్టు, సన్నని గ్రిప్. మహిళల క్లబ్‌లు పొడవులో అంగుళం తక్కువే అయినా, అసలు తేడా ఈ మూడింటిలోనే ఉంది. కొనేలోపు ఆయన 9 ఐరన్‌ని గ్రిప్ కిందికి అంగుళం దించి పట్టుకుని ఆడండి, వెడ్జ్‌లూ పట్టర్ కూడా అలాగే వాడుకోవచ్చు.

గ్రిప్ మందం తెలుసుకోవడం తేలిక. ఎడమచేత్తో పట్టుకున్నప్పుడు మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు అరచేతి కండను అంటీ అంటనట్టు తాకాలి. గుచ్చుకుంటే గ్రిప్ సన్నం, వేలికీ కండకీ మధ్య సందుంటే లావు. లావుపాటి గ్రిప్ మణికట్టును తిరగనీయదు, బంతి కుడికి పోతుంది.

ప్రశ్న: మేడ మీద క్రికెట్ నెట్ కట్టి, పలచని మ్యాట్ వేసి రోజూ వంద బంతులు కొడుతున్నాను. నెల తిరిగేసరికి కుడి మోచేయి లోపలివైపు నొప్పి. ఎక్కడ పొరపాటు?
— మంగళగిరి

పొరపాట్లు మూడు. మొదటిది నొప్పికి సంబంధించింది కాకపోయినా అన్నిటికంటే ప్రమాదమైంది కాబట్టి ముందు చెబుతున్నాం. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు. క్రికెట్ నెట్ కన్ను చాలావాటిలో 45 నుంచి 50 మిల్లీమీటర్లు ఉంటుంది. బంతి ఏదో ఒకరోజు నేరుగా కన్నులోంచి దూరి వీధిలో పడుతుంది. 25 మిల్లీమీటర్లు మించని గోల్ఫ్ నెట్ తెచ్చి, బిగించి కట్టకుండా కింద మడత పడేలా వదులుగా వేలాడదీయండి. బిగిస్తే బంతి మీ మీదికే తిరిగొస్తుంది. బంతికీ నెట్‌కీ మధ్య కనీసం 3 మీటర్లు ఉండాలి, కుడిపక్కన కూడా తెర ఉండాలి. షాంక్ అయిన (షాఫ్టు, తల కలిసేచోట తగిలిన) బంతి ముందుకి కాక పక్కకే పోతుంది. మేడ మీదుగా పోయే కరెంటు తీగలూ కేబుల్ తీగలూ క్లబ్ చివరికి అందనంత దూరంలో ఉన్నాయా అన్నది, చేతులు పైకెత్తి మెల్లిగా తిప్పి చూసుకోవద్దు. కంటితో అంచనా వేసి, అనుమానం వస్తే చోటు మార్చేయండి.

రెండోది మ్యాట్. కాంక్రీటు మీద పలచని మ్యాట్ వేస్తే, క్లబ్ బంతికి వెనక నేలను తాకినా జారి ముందుకొచ్చి బంతికి తగులుతుంది. దెబ్బ బాగానే తగిలిందని మీరనుకుంటారు, ఆ అదురంతా మోచేతికి వెళ్తుంది. నిజమైన గడ్డి మీద అదే స్వింగ్‌కి క్లబ్ మట్టిలో దిగబడి బంతి పది గజాలు పోతుంది. బంతికి బెత్తెడు వెనక ఒక తువ్వాలు నాలుగు మడతలు వేసి పరవండి. తువ్వాలు కదిలితే మీరు వెనక కొడుతున్నట్టే. బరువు ఎడమకాలి మీదికి రానిదే ఇది పోదు. మ్యాట్ కింద మరో 20, 30 మిల్లీమీటర్ల రబ్బరు షీటు వేసి, వీలైనంతవరకు బంతిని రబ్బరు టీ (బంతిని ఎత్తులో నిలిపే పీట) మీద పెట్టి కొట్టండి.

మూడోది లెక్క. రోజూ వంద ఎక్కువ. వారానికి మూడు రోజులు, రోజుకి 40 చాలు, అందులో ఇరవై అర స్వింగ్‌లే. ప్రస్తుతం రెండు వారాలు క్లబ్ పట్టుకోకండి, అప్పటికీ నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: డజను బంతుల ధరల్లో అంత తేడా ఎందుకు? చెరువులోంచి తీసిన బంతులు వాడొచ్చా?
— గవర్నర్‌పేట, విజయవాడ

తేడా పై తొడుగుది. ఖరీదైన వాటికి యురేథేన్ తొడుగు ఉంటుంది, గ్రీన్ (రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) దగ్గర వెడ్జ్‌తో కొడితే పట్టు దొరికి బంతి త్వరగా ఆగుతుంది. చవక రకం రెండు పొరల బంతులకి అయానోమర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు, త్వరగా గీతలు పడదు, తిన్నగా వెళ్తుంది. రౌండుకి అరడజను పోగొట్టుకునే దశలో ఈ రెండో రకమే సరైనది. రకాలు మార్చకుండా ఒకే మోడల్ వాడండి, పట్టింగ్‌లో వేగం తెలిసొస్తుంది. ఎక్కువకాలం నీళ్ళలో నానిన బంతి దూరం తగ్గుతుంది, చూసి చెప్పడం కష్టం. మళ్ళీ పెయింటు వేసి కొత్తవిలా అమ్మేవి అసలే వద్దు.

ప్రతి బంతి మీదా స్కెచ్ పెన్‌తో మీ గుర్తు పెట్టుకోండి. స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కించే పోటీలో) పక్కవారి బంతి కొడితే రెండు స్ట్రోకుల జరిమానా. వెతకడానికి 2019 నుంచి మూడే నిమిషాలు. పోయిందన్న అనుమానం వస్తే అక్కడి నుంచే, 'ఇది ప్రొవిజనల్' (తాత్కాలిక బంతి) అని పైకి చెప్పి ఇంకొకటి కొట్టి బయల్దేరండి. వెనక్కి నడిచే పని తప్పుతుంది.

ప్రశ్న: ఎండాకాలం వచ్చేసరికి గ్రిప్‌లు జిడ్డుగా జారుతున్నాయి. ఇంట్లోనే మార్చుకోవచ్చా?
— లక్ష్మీపురం, గుంటూరు

ముందు కడిగి చూడండి. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, మెత్తని బ్రష్. నీడలో ఆరబెట్టండి. చాలాసార్లు జారుడు చెమట జిడ్డే. కడిగాక కూడా నున్నగా మెరుస్తుంటే, బొటనవేలు ఆనేచోట గుంట పడితే మార్చాలి. తరచూ ఆడేవారికి ఏడాదికోసారి తప్పదు.

మార్చడం గంట పని. పాత గ్రిప్‌ని కొక్కెం బ్లేడుతో, శరీరానికి అవతలి వైపుకి లాగుతూ చీల్చండి. గ్రాఫైట్ అయితే మామూలు బ్లేడు షాఫ్టుని కోసేస్తుంది, జాగ్రత్త. పాత టేపు పూర్తిగా ఊడదీసి, రెండువైపులా అంటే టేపు చుట్టండి. పైకొసన అర అంగుళం మిగిల్చి లోపలికి మడవాలి, లేకపోతే షాఫ్టు గొట్టంలోకి ద్రావకం కారుతుంది. కొత్త గ్రిప్ కొసనున్న చిల్లుని వేలితో మూసి, రంగుల కొట్లో దొరికే టర్పెంటైన్ లోపల పోసి కుదిపి, దాన్నే టేపు మీద కుమ్మరించండి. టేపు ఎక్కడా పొడిగా ఉండకూడదు. సగంలో గ్రిప్ బిగిసిపోయిందంటే కారణం అదే. ఒక్క ఊపున చివరిదాకా నెట్టి, ముఖాన్ని నిటారుగా పెట్టి గుర్తు సరిచూసుకుని, ఒక రోజు కదపకుండా ఉంచండి. గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా చేయండి.

మీ ఎండలకి ఇంకో మాట. బ్యాగుని కారు డిక్కీలో వదలకండి. మే నెలలో అక్కడి వేడికి గ్రిప్ కింది టేపు మెత్తబడి గ్రిప్ తిరిగిపోతుంది, తలని పట్టి ఉంచే జిగురూ కాలక్రమంలో బలహీనపడుతుంది. తోలు గ్లవ్ అట్టలా తయారవుతుంది. గ్లవ్‌లు రెండు వెంట ఉంచుకుని, ఒకటి ఆరేస్తూ హోల్‌కి ఒకటి చొప్పున మార్చుకోండి.

ప్రశ్న: ఏడాదిగా ఆడుతున్నా. స్కోరు 115 దాటుతూనే ఉంది. తోటివారు విసుక్కుంటున్నారేమోనని బెంగ. ఆట మీద ఇష్టం పోతోంది.
— భారతీనగర్, విజయవాడ

ఏ టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి ఆడుతున్నారో రాయలేదు. 5 ఐరన్‌తో మీరు మామూలుగా ఎంత దూరం కొడతారో దాన్ని 36తో గుణించండి. 140 గజాలైతే 5,040. మీకు తగిన కోర్సు పొడవు అంతే. 6,300 గజాల టీల నుంచి ఆడుతుంటే, మంచి దెబ్బలు రెండు పడినా గ్రీన్ అందదు. ముందు టీలకి రావడం చిన్నతనం కాదు, అవి ఉన్నది అందుకే.

స్కోరు లెక్కించే పద్ధతి కూడా మార్చండి. స్టేబుల్‌ఫోర్డ్‌లో, మీ హ్యాండిక్యాప్ స్ట్రోకులు (స్థాయిని బట్టి ఇచ్చే అదనపు దెబ్బలు) తీసేశాక, హోల్‌కి నిర్ణయించిన దెబ్బలు, అంటే పార్‌కి 2, దానికి ఒకటి ఎక్కువైన బోగీకి 1, ఒకటి తక్కువైన బర్డీకి 3 పాయింట్లు. పాయింటు వచ్చే అవకాశం పోగానే బంతి తీసేసుకోవచ్చు. ఒక హోల్‌లో 11 కొట్టినా పోయేది ఆ హోలే, వెనకవారూ ఆగరు. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో గరిష్ఠం 54, అంటే హోల్‌కి మూడు అదనపు స్ట్రోకులు. మూడు రౌండ్ల కార్డులిస్తే మీకూ ఒకటి వస్తుంది.

తోటివారికి విసుగొచ్చేది స్కోరు చూసి కాదు, ఆలస్యం చూసి. మీ వంతు వచ్చేసరికి క్లబ్ చేతిలో ఉండాలి, రిహార్సల్ స్వింగ్ ఒక్కటే చాలు. బంకర్ (ఇసుక గుంట) రేక్ చేసి, గ్రీన్ మీద బంతి పడిన గుంటని సరిచేసి వెళ్ళేవారిని ఎవరైనా మళ్ళీ పిలుస్తారు. ఆ గుంటని ఫోర్క్‌తో కిందినుంచి ఎత్తకూడదు, వేర్లు తెగి గడ్డి చస్తుంది. అంచుల నుంచి మధ్యకి నెట్టి పట్టర్‌తో తట్టాలి.

ఇకపై కార్డులో పట్‌లు (పట్టర్‌తో కొట్టిన దెబ్బలు) విడిగా రాయండి. 115లో నలభై దాకా అవే ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశ గోల్ఫర్ అదితీ అశోక్ ఒక్క స్ట్రోకు తేడాతో కాంస్యం కోల్పోయి నాలుగో స్థానంలో నిలిచారు. దూరం కొట్టడంలో చాలామంది కంటే వెనకున్నా ఆమెని అక్కడిదాకా తెచ్చింది పట్టింగే. మీరు ఇంట్లోనే సాధన చేయొచ్చు. హార్డ్‌వేర్ కొట్లో మీటరు స్టీలు స్కేలు తెచ్చి కార్పెట్ మీద పరవండి. ఒక కొసన బంతి పెట్టి, అంచు దాటి పడకుండా అవతలి కొసదాకా దొర్లించండి. రోజుకి 30సార్లు. తొలిరోజు పదికి మూడు దాటవు, ముఖం ఏమాత్రం తిరిగినా స్కేలు పట్టించేస్తుంది. గ్రానైట్ నేల మీద వద్దు, వేగం తప్పుగా అలవాటవుతుంది.

ఆడడానికి హైదరాబాద్ వెళ్తుంటే, బెజవాడ నుంచి అది 270 కిలోమీటర్లు. దిగిన రోజే ఆడకండి. రాత్రి పడుకుని, పొద్దున్నే 20 నిమిషాలు ముందు వెళ్ళి, అందులో 15 నిమిషాలు పట్టింగ్ గ్రీన్ మీదే గడపండి.

ప్రశ్న: తొమ్మిదేళ్ళ మా అబ్బాయి ఎడమచేత్తో రాస్తాడు. ఎడమచేతి క్లబ్‌లే కొనాలా?
— తాడేపల్లి

రాసే చేతికీ స్వింగ్‌కీ ముడిపెట్టనక్కర్లేదు. ఫిల్ మికెల్సన్ మిగతా పనులన్నీ కుడిచేత్తో చేస్తూ గోల్ఫ్ ఎడమవైపు ఆడతాడు. మీవాడు క్రికెట్ బ్యాటు ఎటు పడతాడో చూడండి. కుడివైపు కుదిరితే మంచిదే, పాత క్లబ్‌లు తేలిగ్గా దొరుకుతాయి. పెద్దవాళ్ళవి కోసి ఇవ్వకండి, బరువెక్కువై నడుము తిప్పడం తప్పుగా అలవాటవుతుంది. ఎత్తుకి తగ్గ పిల్లల క్లబ్‌లు మూడు చాలు: 7 ఐరన్, వెడ్జ్, పట్టర్. కొనేముందు రెండు వైపుల క్లబ్‌లూ చేతికిచ్చి, స్పాంజి బంతులు చెరో పది కొట్టించండి. ఎటువైపు ఎక్కువసార్లు తిన్నగా తగిలితే అటువైపువే కొనండి.