టెక్ సందేహాలు: వేలం మీదే, క్యూఆర్ కోడ్ ఎవరిది?

వినాయక నిమజ్జనం అయిపోతే చాలు, నాకు ఒకే రకం మెయిళ్లు మొదలవుతాయి. లడ్డూ పాటలు చూసిన ఊపు మరి. ఈసారి వచ్చినవాటిలో ఒకటి మియాపూర్ నుంచి.

"సర్, దగ్గర్లోని సర్కారు బడికి కంప్యూటర్లు కొనివ్వడానికి మా అపార్ట్‌మెంట్ తరఫున ఆన్‌లైన్‌లో వేలం పెడుతున్నాం. పోచంపల్లి చీరలు, చేర్యాల బొమ్మలు, ఒక క్రికెటర్ సంతకం చేసిన బ్యాటు ఉన్నాయి. వాట్సాప్ గ్రూపు చాలా, లేక యాప్ చేయించాలా? ఒక కుర్రాడు ఏపీకే ఫైలు చేసిస్తానంటున్నాడు."

రెండూ వద్దు. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలు పలికిన లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి పలికింది. అక్కడ పాట పాడే మనిషి అందరి ఎదుటా నిలబడి పాడతాడు. మాట మార్చలేడు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల దాకా మార్చుకోవచ్చు. ఎనిమిది వేలు కాస్తా ఆరు వేలైతే 'ఎడిటెడ్' అన్న చిన్న ముక్క తప్ప ఏమీ మిగలదు. అసలు అంకె ఎంతో ఎవరూ తేల్చలేరు.

ఇక ఏపీకే, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లో ఎక్కించే యాప్ ఫైలు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ముట్టుకోవద్దని సైబర్ పోలీసులు గొంతు చించుకుంటుంటే, మీరే పెద్దవాళ్ల ఫోన్లలో అది ఎక్కించడం నేర్పిస్తారా? రేపు పెళ్లి శుభలేఖ పేరుతో ఇంకోటి వస్తే 'మొన్న వేలానికి ఎక్కించాంగా' అని అదీ నొక్కేస్తారు. కుర్రాడి మీద అనుమానంతో కాదు, అలవాటుకు భయపడి చెబుతున్నాను.

గూగుల్ ఫారం చాలు. పాడిన టైమ్ దానంతటదే నమోదవుతుంది. కానీ జవాబులు చేరే షీటును గ్రూపులో పంచకండి. ఫోన్ నంబర్ల కాలమ్ దాచేశాం కదా అంటారు. చూడటానికి మాత్రమే ఇచ్చిన షీటునైనా కాపీ చేసుకుని, దాచిన కాలమ్ తెరుచుకోవచ్చు. అందరికీ చూపించడానికి వేరే ఫైలు పెట్టి, అందులో పాడే ఒక్కొక్కరికీ మీరిచ్చిన టోకెన్ నంబరు, పాట మొత్తం మాత్రం చేత్తో ఎక్కించండి. విసుగు పనే, చేయండి.

ఇప్పుడు నాకు నిద్రపట్టనివ్వని విషయం. వేలం ముగియగానే మనవాళ్లు ఏం చేస్తారు? 'పద్నాలుగో చీర, ఫ్లాట్ 402, పద్దెనిమిదిన్నర వేలు, అభినందనలు' అని పేరుతో సహా గ్రూపులో పెట్టి పది చప్పట్ల బొమ్మలు కొడతారు. ఆ గ్రూపులో ఎవరెవరున్నారో అడ్మిన్‌కే తెలియదు. పది నిమిషాల్లో ఆ ఇంటివాళ్లకు కార్యదర్శి ఫొటో ఉన్న కొత్త నంబరు నుంచి మెసేజ్: 'ఈ క్యూఆర్‌కి పంపండి, అరగంటలో కట్టకపోతే చీర తర్వాతివారికి.' దొంగకు లింకులు, మాయమాటలు అక్కర్లేదు. ఎవరు, ఎంత, ఎందుకు కట్టాలో మీరే రాసిపెట్టారు. కట్టాల్సిన డబ్బే కాబట్టి వాళ్లూ అనుమానించరు.

అందుకే క్యూఆర్‌ను వేలానికి వారం ముందే ప్రకటించి, ఎట్టి పరిస్థితుల్లో మారదని చెప్పండి. స్కాన్ చేయగానే బ్యాంకు ఖాతాలోని పేరు కనిపిస్తుంది. అది సంఘం పేరే అయ్యుండాలి, కోశాధికారి బావమరిది పేరు కాదు. గెలిచినవాళ్లను టోకెన్ నంబరుతోనే ప్రకటించండి. పొరపాటున డబ్బు పోతే పరువు గురించి ఆలోచించకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. వస్తువు ఇచ్చేముందు స్క్రీన్‌షాట్ చూసి మురిసిపోకుండా, సంఘం ఖాతాలో డబ్బు పడిందో లేదో చూడండి.

నల్లకుంట నుంచి ఒకావిడ: "ఆన్‌లైన్ వేలంలో చివరి పది సెకన్లలో ఎవరో వంద రూపాయలు ఎక్కువ పాడి ఎత్తుకుపోయారు. ఇది మోసం కాదా?"

మోసం కాదమ్మా, గడియారం తప్పు. మైకు ముందు 'ఒకటోసారి, రెండోసారి' అనడం ఎందుకు? ఇంకొకరికి గొంతు విప్పే వ్యవధి ఇవ్వడానికే. చివరి ఐదు నిమిషాల్లో కొత్త పాట వస్తే గడువు ఇంకో ఐదు నిమిషాలు పెరగాలి. నిర్వాహకులు ముందే ఆ నియమం పెట్టాల్సింది. మీ చేతిలో లేనిదానికి ఇప్పుడు టెన్షన్ పడకండి.

"అమెరికాలో ఉన్న మా అన్నయ్య మా సంఘం వేలంలో పాడొచ్చా?" అని కూకట్‌పల్లి పాఠకుడు. అన్నయ్యది భారత పాస్‌పోర్టు అయితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే ఆయన ఇచ్చే విరాళం విదేశీ విరాళం కిందికి వస్తుంది. దానికి సంఘానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆడిటర్‌ను ముందే అడగండి, డబ్బు పడ్డాక కాదు.

బంజారాహిల్స్ నుంచి వచ్చిన చివరి మెయిల్‌కు జోడించిన ఫారం చూసి కళ్లు తిరిగాయి. నాలుగు వేల రూపాయల బొమ్మ పాడటానికి ఆధార్ రెండువైపులా ఫొటో, పుట్టిన తేదీ, తల్లి పేరు! ఎందుకని అడిగితే 'టెంప్లేట్‌లో ఉంది సర్' అన్నారు. ఈ రోగం అపార్ట్‌మెంట్లకే పరిమితం కాదు. గేటు దగ్గర విజిటర్ యాప్, జిమ్, ఆఖరికి టిఫిన్ సెంటర్ లక్కీ డ్రా కూడా ఇంతే. అడగడం ఉచితం, దాచడం ఎవరి బాధ్యతో ఎవరికీ తెలియదు. టోకెన్ ఇవ్వడానికి పేరు, ఫోన్ నంబరు చాలు. ఇప్పటికే తీసుకున్న ఆధార్ ఫొటోలు డ్రైవ్‌లోంచి తీసేయండి, ట్రాష్ ఫోల్డర్ కూడా ఖాళీ చేయండి. వాటిని ఫోన్లలోకి దించుకున్న కమిటీ సభ్యులు ఎందరో లెక్క తీసి, వాళ్ల దగ్గరా తీయించండి.