నీటిరంగుల్లో తడి వరుస: రమ్యకు పెద్దమ్మ ఉత్తరం

చి. రమ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మలు ఫోనులో సరిగా ఆనక, మీ పెదనాన్న చేత టీవీలో పెట్టించుకుని చూశాను. ఒక వారం ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్, మరో వారం అమెరికా చిత్రకారుడు సార్జెంట్, ఆపై వారం యూట్యూబులో దొరికిన ఎవరో. "ఇంతమందిని చూసి వేస్తున్నా, నా బొమ్మ మాత్రం బిగుసుకుపోతోంది పెద్దమ్మా" అని రాశావు.

బిగుసుకుపోక ఏం చేస్తుంది? నువ్వు వాళ్ల బొమ్మల్లోంచి ఆకారాలు దింపుకుంటున్నావు. పడవ ఎక్కడుంది, కొండ ఎంత ఎత్తు, కిటికీకి ఏ రంగు అనేవే చూస్తున్నావు. అవి ఫోటో చూసినా తెలుస్తాయి. నీటిరంగుల బొమ్మలో చదువుకోవలసింది తడి వరుస. ఏ రంగు ఎంత తడి మీద పడింది, ఏది ముందు, ఏది ఆరాక, ఎక్కడ కాగితాన్ని అలాగే వదిలేశారు. ఆయిల్ పెయింటింగులో పై పొర కింది పొరని కప్పేస్తుంది. నీటిరంగుల్లో వేసిందంతా పైకి కనిపిస్తూనే ఉంటుంది. అంటే ఆ చిత్రకారుడు చనిపోయి నూరేళ్లయినా, ఆ పని ఎలా చేశాడో కాగితమే చెప్తుంది. చూడటం వస్తే చాలు.

కాపీ చెయ్యడం చిన్నతనం అని నీకెవరో చెప్పారని రాశావు. వాళ్లకి టర్నర్ సంగతి చెప్పు. 1790లలో లండన్‌లో మన్రో అనే డాక్టరుగారింట్లో సాయంత్రాలు టర్నర్, గిర్టిన్ అనే ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని, కోజెన్స్ అనే చిత్రకారుడి బొమ్మలకి నకళ్లు తీసేవారు. గిర్టిన్ గీతలు గీసేవాడు, టర్నర్ వాటి మీద వాష్‌లు, అంటే నీళ్లతో పల్చన చేసిన రంగు పూతలు, వేసేవాడు. టర్నర్‌కి రాత్రికి మూడున్నర షిల్లింగులు, భోజనం. పని పంచుకున్న తీరు గమనించావా? గీతల బాధ్యత లేకుండా, వెలుతురు, దూరం, పొగమంచు వీటిని నీళ్లతో ఎలా రాబట్టాలో అదే పనిగా నేర్చుకునే వీలు టర్నర్‌కి దొరికింది. నువ్వూ అదే చెయ్యి. గీత ట్రేస్ చేసుకో, అందులో తప్పేం లేదు. నీ శక్తి అంతా నీళ్ల మీద పెట్టు.

ఎంతమందిని పెట్టుకోవాలి అంటే, ఒక్కరిని. ఒక ఋతువంతా ఒక్కరిని. అందులోనూ ఒక్క బొమ్మని పట్టుకుని, మళ్లీ మళ్లీ వెయ్యి. వారానికొకరిని మారిస్తే నీకు తెలిసేది అందరి పేర్లే.

ఇక చదవడం ఎలాగో చెప్తాను. బ్రష్ పట్టుకోకముందు బొమ్మని తెర మీద బాగా పెద్దది చేసుకో. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ లాంటివాళ్లు ఎంతో స్పష్టమైన ఫోటోలు ఉచితంగా పెట్టారు, కాగితం గరుకు కూడా కనిపిస్తుంది. అంచులు చూడు. అంచు మెత్తగా పక్కరంగులోకి కరిగిపోయిందంటే అప్పటికి కాగితం తడిగా ఉంది. కత్తితో కోసినట్టు ఉందంటే కింది పొర ఆరాక వేశాడు. అంచు చుట్టూ సన్నటి ముదురు గీత కడితే అక్కడ నీళ్లు నిలిచి మెల్లగా ఆరాయి. గోబీపువ్వులా విచ్చుకున్న మరక కనిపిస్తే సగం ఆరిన రంగులోకి మళ్లీ నీళ్లు దిగాయి. నువ్వు దాన్ని చూసి పాడైందనుకుంటావు, పెద్దవాళ్లు మేఘానికి వాడుకుంటారు. రంగు చుక్కలు చుక్కలుగా తెగి మధ్యలో తెల్ల కాగితం మెరిస్తే, బ్రష్‌లో నీళ్లు తక్కువ, చెయ్యి వేగం ఎక్కువ. తెలుపు అంచు చిరిగినట్టు ఉంటే అది వదిలేసిన తెలుపు కాకపోవచ్చు, ఆరాక గీకి తీసిన తెలుపు.

ఇవన్నీ చూసి, ఒక కాగితం మీద తెలుగులో వరుస రాసుకో. "ముందు ఆకాశం, పూర్తి తడి మీద, పసుపు నుంచి నీలానికి. తడి ఉండగానే దూరపు కొండ. ఆరాక దగ్గర కొండ. చివర పడవ, పొడి బ్రష్‌తో." ఇలా. నీ ఊహ తప్పని వేశాక తెలుస్తుంది. తెలిసినప్పుడు దిద్దుకుని మళ్లీ వెయ్యి. ఆ దిద్దుబాటులోనే చదువంతా ఉంది, బొమ్మ అచ్చు దిగిందా లేదా అన్నది నాకైతే పట్టదు.

తడి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నీ బొమ్మలన్నింట్లో దెబ్బ అక్కడే తగిలింది. తీగపాకం చూడటం మీ అమ్మ దగ్గర నేర్చుకున్నావు కదా, క్షణం ముందైనా, వెనకైనా చెడుతుంది. కాగితం కూడా అంతే. నీళ్లు అద్దంలా మెరుస్తున్నప్పుడు రంగు వేస్తే దానంతటది పారిపోతుంది. మెరుపు పోయి చెమ్మ మిగిలినప్పుడు వేస్తే, మెత్తగా విచ్చుకుని ఆగుతుంది. ఆ మధ్య అదునులో బ్రష్‌లో నీళ్లు కాగితంలో ఉన్న నీళ్లకన్నా తక్కువ ఉండాలి. ఎక్కువయితే ఇందాక చెప్పిన గోబీపువ్వు పూస్తుంది. ఆరిందో లేదో కంటికి తెలియకపోతే వేళ్ల వెనక వైపు ఆనించు, చల్లగా తగిలితే ఇంకా లోపల తడి ఉన్నట్టే.

మరో సంగతి. ఇంగ్లండులో చెమ్మగాలిలో వేసిన బొమ్మకి దొరికిన వ్యవధి హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నం ఫ్యాను కింద నీకు దొరకదు. నీ ఆకాశాల్లో చారలు పడుతున్నది అందుకే. ఫ్యాను, ఏసీ కట్టెయ్యి. తెల్లవారుజామున కూర్చో. కాగితం వెనక వైపు కూడా తడిపి, నున్నటి పలక మీద పరిస్తే చాలాసేపు చెమ్మ నిలుస్తుంది. వీడియోల్లో ఈ మాట చెప్పరు, వాళ్లది వాళ్ల ఊరి గాలి.

సామాను మీద ఎక్కువ రాయను. డబ్బంతా కాగితం మీద పెట్టు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటిది), నూటికి నూరు కాటన్. స్కూలు డ్రాయింగ్ షీటు మీద ఈ మాస్టర్లు ఎవరూ పలకరు. మంచి కొన ఉన్న పెద్ద రౌండు బ్రష్ ఒకటి. రంగులు నాలుగైదు చాలు. అల్ట్రామెరీన్ అనే నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు, ఈ రెండూ కలిపితే వచ్చే బూడిదరంగుల్లోనే సగం ప్రపంచం ఉంది. కొనేముందు ట్యూబు మీద వెలుగుకి ఎంత నిలుస్తుందో చూడు. ఎందుకంటావా, విన్‌స్లో హోమర్ అని అమెరికా ఆయన 1887లో వేసిన 'ఫర్ టు బీ ఎ ఫార్మర్స్ బాయ్' షికాగోలో ఉంది. దాని ఆకాశం ఇప్పుడు దాదాపు తెల్లగా ఉంటుంది. మ్యూజియం వాళ్లు పరీక్షిస్తే ఎర్ర, పసుపు రంగుల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఒకప్పుడది నిండు సాయంసంధ్య. రంగు వెలిసిపోయింది. "ఆహా, మాస్టరు ఎంత ధైర్యంగా తెల్లగా వదిలేశాడు" అని మనం కాపీ కొట్టేలా ఉంది! కాబట్టి ఎంత గొప్పవాడి బొమ్మయినా, ఈ రంగు మొదట్నుంచీ ఇలాగే ఉందా అని ఒకసారి అనుమానించు.

నీకు మొదట ఎవరు అంటే, నా ఓటు జాన్ సింగర్ సార్జెంట్‌కి. టర్నర్‌కి కాదు. చెప్తా విను. సార్జెంట్ (1856–1925) పెద్దపెద్ద వాళ్ల ఆయిల్ పోర్ట్రెయిట్లు వేసి వేసి విసిగిపోయినవాడు. నీటిరంగులు తన సంతోషానికి వేసుకున్నాడు. వెనిస్‌లో గొండోలా పడవలో కూర్చునే వేసేవాడు, అందుకే ఆ బొమ్మల్లో మేడలన్నీ నీటిమట్టం నుంచి తలెత్తి చూసినట్టుంటాయి. 1909లో బ్రూక్లిన్ మ్యూజియం ఆయనవి 83 నీటిరంగుల బొమ్మలు ఒక్కసారే కొనేసింది. 'వైట్ షిప్స్' వాటిలోదే. దాన్ని తీసుకో. తెల్ల ఓడల్లో తెలుపు ఎంత తక్కువుందో వెతుకు. నీడలో నీలం, ఊదా, నీళ్ల నుంచి తిరిగి కొట్టిన వెలుగులో గోధుమవన్నె. ఎండ తగిలిన చోట మాత్రం ఉత్త కాగితం. నీడల రంగు సరిగ్గా పడితే ఎండ దానంతటదే వెలుగుతుంది. ఇది ఒక్కటి పట్టుబడితే నీ పని సగమైనట్టే.

ఆయన్ని చూస్తే ఇంకో మడి కూడా వదులుతుంది. నీటిరంగులంటే తెల్లరంగు ముట్టకూడదని నీకు ఎవరో నూరిపోసినట్టున్నారు. సార్జెంట్ అవసరమైతే మైనం రుద్ది రంగు అంటకుండా చేశాడు, మందపాటి తెల్లరంగు పెట్టాడు, గీకాడు. 1917లో ఫ్లోరిడాలో వేసిన మొసళ్ల బొమ్మ, 'మడ్డీ అలిగేటర్స్', చూడు. బురద మీద ఎండ చూపించడానికి ఎన్ని రకాలుగా వెతుక్కున్నాడో తెలుస్తుంది.

టర్నర్‌ని తర్వాతకి ఉంచమన్నది ఆయన తేలిగ్గా కనిపించి మోసం చేస్తాడు కనక. 1818లో యార్క్‌షైర్‌లో ఫాక్స్ అనే స్నేహితుడింట్లో, యుద్ధనౌక ఎంత పెద్దగా ఉంటుందో చూపించమంటే ఫలహారాల వేళ మొదలెట్టి మధ్యాహ్న భోజనానికల్లా ఒక బొమ్మ పూర్తిచేశాడు. పక్కన కూర్చుని చూసిన ఫాక్స్ కొడుకు తర్వాత చెప్పినదాన్ని బట్టి, ముందు కాగితం నానిపోయేదాకా తడిరంగు పోశాడు, ఆపైన పూనకం వచ్చినట్టు గీకాడు, రక్కాడు, చూస్తుండగా అందులోంచి ఓడ పైకొచ్చింది. ఈ కథ చదివినవాళ్లు పోయడం, గీకడం మాత్రం నేర్చుకుంటారు. అప్పటికి ఆయనకి 43 ఏళ్లు, ఓడలు గీయడం చేతికి ఎప్పుడో ఎక్కేసింది. అలాగే రీగి అనే కొండని వేసిన 1842 నాటి 'ది బ్లూ రీగి' అంతా ఒక్క ఊపిరిలో వేసినట్టుంటుంది. దానికి ముందు స్విట్జర్లాండులో అక్కడికక్కడే వేసుకున్న స్కెచ్‌లు, ఆ తర్వాత నమూనా బొమ్మ, అప్పుడు గానీ అసలు బొమ్మ లేదు. రంగు చిమ్మినంతలో భావం రాదమ్మా. ఏం వదిలెయ్యాలో ముందే తేల్చుకున్నవాడి చెయ్యే అంత స్వేచ్ఛగా తిరుగుతుంది.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. 1903 ప్రాంతంలో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అని ఇద్దరు జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. వాళ్లు వెడల్పు బ్రష్‌తో కాగితం తడపడం చూసి, బెంగాల్ చిత్రకారుడు అవనీంద్రనాథ్ టాగూరు ఏకంగా బొమ్మనే నీళ్లలో ముంచి, ఆరబెట్టి, మళ్లీ రంగు వేసి, మళ్లీ ముంచే పద్ధతి పట్టాడు. రంగు కాగితంలో ఇంకి, బొమ్మంతా ఒక మసకలో తేలుతుంది. సార్జెంట్ ఎండకి ఇది పూర్తిగా ఎదురు దారి. ఆ వాష్ పద్ధతిని ప్రమోద్‌కుమార్ ఛటర్జీ మన బందరు జాతీయ కళాశాలకి తెచ్చాడు, అడివి బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. నీకు సాలార్‌జంగ్ మ్యూజియం ఎంత దూరం? బెంగాల్ వాళ్ల బొమ్మలున్న గది దగ్గర కాసేపు నిలబడు. తెర మీద ఎంత పెద్దది చేసినా, అసలు కాగితం ముందు నిలబడి పక్కవాటంగా చూస్తే తెలిసేది వేరు.

సార్జెంట్ బొమ్మ నీకు చాలనిపించినప్పుడు దాన్ని గోడకి తిప్పి పెట్టెయ్యి. మీ బాల్కనీలో ఆరేసిన తెల్ల దుప్పటి మీద ఉదయపు ఎండ ఎలా పడుతుందో చూడు. అదే వరుస, అదే నీడల లెక్క, కానీ ఎదురుగా ఉన్నది నీ దుప్పటి. సార్జెంట్ నీలం అక్కడ పనికిరాదు, మీ ఎదురింటి వాళ్ల గులాబిరంగు గోడ వెలుగు నీ నీడలోకి వస్తుంది. దాన్ని చూసిన రోజు నీ చెయ్యి వాళ్ల చెయ్యి నుంచి విడిపోతుంది. ప్రతి నకలుకీ ఇలా ఒకటి నీ సొంతది వెయ్యి, లేకపోతే నకలు వేసిన ఫలితం రాదు.

ఈసారి నాకు బొమ్మ పంపేముందు వరుస రాసుకున్న కాగితం ఫోటో తీసి పంపు. ఆకాశంలో చార పడితే చింపెయ్యకు, దాని వెనక వైపు వాడుకోవచ్చు, కాటన్ కాగితం ఖరీదు నీకు తెలుసు. దసరాకి నువ్వొచ్చినప్పుడు ఇక్కడ రాజమండ్రిలో గోదావరి గట్టు మీది చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్దాం. 1897లో పుట్టి 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయిన మనిషి ఎంత పని చేశాడో చూద్దువుగాని. ఈ ఊరి కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర చూపు పడి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి వెళ్లి చదివినవాడు. పండగ రోజుల్లో గ్యాలరీ తెరిచి ఉంటుందో లేదో మీ పెదనాన్నని ముందే కనుక్కోమంటాను.

ఇట్లు,
పెద్దమ్మ