పిస్టల్‌తో కాలిస్తే గుళ్లన్నీ కింద ఎడమవైపే పడుతున్నాయి. లోపం సైట్లదా (పిస్టల్ పైన ముందూ వెనకా ఉండే గురి గుర్తులు), నాదా?

మీరు కుడిచేతి వాటమైతే, చాలావరకు లోపం చేతిదే. సైట్ల జోలికి అప్పుడే వెళ్లకండి.

ముందు పిస్టల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, నెమ్మదిగా ఐదు గుళ్లు కాల్చండి. అవి మధ్యలో పడితే తుపాకీ బాగున్నట్టే. అలా ఆనించినా, మరొకరు కాల్చినా గుళ్లు ఒకేచోట గుంపుగా పక్కకు పడుతుంటే అప్పుడు వెనక సైట్ జరపాలి, గుండు ఎటు వెళ్లాలో అటే. ముందు సైట్ అయితే దానికి వ్యతిరేకంగా.

చేతి తప్పు పట్టడానికి ఒక చిట్కా ఉంది. మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య ఒకటి రెండు డమ్మీలు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలిపి పెట్టమని పక్కవాళ్లకు చెప్పండి. డమ్మీ వచ్చినప్పుడు పేలుడు ఉండదు, కానీ గొట్టం మూతి మాత్రం టక్కున కిందికి వంగుతుంది. పేలగానే వెనక్కి దెబ్బ వస్తుందని చెయ్యి ముందే బిగుసుకుంటోందన్నమాట. మొదటిసారి చూసినప్పుడు కాస్త సిగ్గేస్తుంది కూడా!

దీనికి మందు ఖాళీ పిస్టల్‌తో సాధన. ఛాంబర్ (పిస్టల్‌లో తూటా కూర్చునే చోటు) ఖాళీయేనని రెండుసార్లు చూసుకోండి, మీరున్న గదిలో తూటాలే ఉండకూడదు, గురి సురక్షితమైన వైపే ఉండాలి. ముందు సైట్ మీదే చూపు నిలిపి, అది కదలకుండా ట్రిగ్గర్‌ని నిదానంగా వెనక్కి నొక్కాలి. ఒక్కసారిగా గుంజకూడదు.

సైట్ల మధ్య దూరం 150 మిల్లీమీటర్లు అనుకుంటే, వాటి వరుస ఒక్క మిల్లీమీటరు తప్పినా 10 మీటర్ల దగ్గర గుండు దాదాపు 6.7 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. చెయ్యి కాస్త వణికితే అంత నష్టం లేదు, ట్రిగ్గర్ గుంజుడుతోనే అసలు చిక్కు.